లెక్కకు రాని సందర్శకుడు

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికా దక్షిణ తీరం మీద విరుచుకుపడింది. న్యూ ఆర్లియన్స్‌లో కరకట్టలు తెగి నగరంలో దాదాపు 80 శాతం నీట మునిగింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టుకోవడానికి ఫెమా అనే కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ రెండు దారులు చూపించింది. ఒకటి టోల్‌ఫ్రీ నంబరు, రెండోది వెబ్‌సైటు. వెబ్‌సైటు తెరిచినవాళ్లలో కొందరికి దరఖాస్తు ఫారానికి బదులు ఒక షరతు కనిపించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఉండాలి, అందులో జావాస్క్రిప్ట్ పనిచేస్తూ ఉండాలి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు, లినక్స్ వాడేవాళ్లు, యాపిల్ కంప్యూటర్ల వాళ్లు అక్కడితో ఆగిపోవాల్సిందే. యాపిల్ వాళ్ల పరిస్థితి మరీ విచిత్రం. మైక్రోసాఫ్ట్ ఆ యాపిల్ యంత్రాల కోసం అయిదో వెర్షన్‌కు మించి ఎక్స్‌ప్లోరర్‌ను తయారుచేయనే లేదు. 2003లోనే ఆ పని మానుకుంటున్నట్టు ప్రకటించింది కూడా. పాత విండోస్ 95 మీద కూడా ఆరో వెర్షన్ ఎక్కదు. లోకంలో లేని సరుకు తెచ్చుకుంటేనే సాయం చేస్తామన్నట్టు అయింది. తుపాను బాధితులకు ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఆ షరతు పెట్టినవాళ్లకు బాధితుల మీద పగేమీ లేదు. అప్పట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లలో అత్యధికులు వాడేది ఎక్స్‌ప్లోరరే. మిగతావాళ్ల కోసం ఫారాన్ని మళ్లీ పరీక్షించి సరిచేయాలంటే డబ్బు కావాలి, మనుషులు కావాలి, వ్యవధి కావాలి. ఎక్కువమంది దేన్ని వాడితే దానికి తగ్గట్టు సైటు కట్టడం లోకజ్ఞానమే అనిపిస్తుంది. ముప్పై ఏళ్ల వెబ్ చరిత్రను వరసగా పెట్టి చూస్తే మాత్రం ఆ లోకజ్ఞానం పదేపదే బోల్తాపడింది. ఏ బ్రౌజర్లను సపోర్టు చేయాలో తేల్చుకోవడానికి సంస్థలు తమ సందర్శకుల శాతాలనే సాక్ష్యానికి పిలుస్తూ వచ్చాయి. గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగినవాడు ఆ శాతాల్లో సరిగా నమోదు కాడు. అందువల్ల జాబితాను ముందుగా నిర్ణయించాల్సింది సంస్థకు ఎవరి పట్ల ఏ బాధ్యత ఉందన్న ప్రశ్న. శాతాల పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ఈ ఆచారం ఎక్కడ పుట్టిందో చూస్తే విషయం తేటపడుతుంది. 1994 చివర నెట్‌స్కేప్ నావిగేటర్ మార్కెట్లోకి వచ్చింది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్లోరర్‌ను దించింది. ఇద్దరూ పోటీపడి ఎవరికి వారే కొత్త ట్యాగులు కనిపెట్టుకున్నారు. ఒకరిలో అందంగా కనిపించిన పేజీ రెండోవారిలో చిందరవందర అయ్యేది. సైటు కట్టేవాళ్లు తేలిక దారి పట్టారు. ఈ సైటును ఫలానా బ్రౌజర్‌లో చూస్తే బాగుంటుందని ఒక చిన్న బొమ్మ పేజీ అడుగున అతికించి చేతులు దులుపుకున్నారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1996లోనే ఈ బొమ్మల మీద విసుక్కున్నారు. ఒక కంప్యూటర్‌లో రాసిన పత్రం ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోని పాతరోజులే కావాలని కోరుకోవడం లాంటిదన్నారు. కొందరు బొమ్మతో ఆగకుండా, వచ్చినవాడి బ్రౌజర్ పేరు అడిగి, నచ్చని పేరైతే బీద పేజీ పంపడం మొదలుపెట్టారు. నెట్‌స్కేప్ తన రహస్య నామమైన మొజిల్లాతో పరిచయం చేసుకునేది. మంచి పేజీలు ఆ పేరున్నవాళ్లకే దక్కుతుంటే ఎక్స్‌ప్లోరర్ కూడా తాను మొజిల్లానే అని చెప్పుకోసాగింది. తర్వాత వచ్చినవాళ్లంతా అదే బాట పట్టారు. ఈ రోజుకీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ ఏదైనా సైటుకు వెళ్లి తన పేరు చెప్పుకునేటప్పుడు మొజిల్లా/5.0తో మొదలుపెట్టి, యాపిల్‌వెబ్‌కిట్ అని, గెకో వంటిదాన్ని అని, క్రోమ్ అని, చివరికి సఫారి అని కూడా చెప్పుకుంటుంది. పేరు చూసి వెలివేసే పద్ధతి ఎంత ముదిరిందో చెప్పడానికి ఆ ఒక్క వరస చాలు. పేరును బట్టి తీసిన శాతాలు ఎంతవరకు నమ్మదగినవో కూడా అదే చెబుతుంది.

తెలుగువాళ్లకు ఈ చరిత్ర ఇంకో రూపంలో తగిలింది. 1990ల చివర మన దినపత్రికలు వెబ్‌లోకి వచ్చేటప్పటికి యూనికోడ్‌లో తెలుగుకు చోటైతే ఉంది, 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే కేటాయించారు. మామూలు ఇళ్లలోని విండోస్ 98 మాత్రం ఆ కోడ్‌లను తెలుగు అక్షరాలుగా కూర్చి చూపించేది కాదు. పత్రికలు తమ సొంత ఫాంట్లను ఆశ్రయించాయి. ఇంగ్లిషు అక్షరాలకు, ఐరోపా భాషల గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను పేర్చారు. ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఇంకోచోట వత్తు. పేజీతోపాటు ఆ ఫాంటు కూడా దిగితేనే వార్త తెలుగులో కనిపిస్తుంది. పేజీతో ఫాంటు పంపే పద్ధతి కూడా రెండు శిబిరాలుగా చీలింది. నెట్‌స్కేప్ 4 బిట్‌స్ట్రీమ్ కంపెనీవారి పద్ధతిని అనుసరిస్తే, ఎక్స్‌ప్లోరర్ తన సొంత ఈఓటీ పద్ధతి పెట్టుకుంది. నెట్‌స్కేప్ ఓడిపోయాక, దాని వారసులు పాత ఫాంటు పద్ధతిని వదిలేశాక, మిగిలింది ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చినప్పుడు అందులో తెలుగు పత్రిక తెరిచినవాళ్లకు వార్తకు బదులు తలమీద చుక్కలు, గీతలు ఉన్న అర్థంలేని లాటిన్ అక్షరాలు బారులు తీరి కనిపించేవి. లినక్స్ వాడే తెలుగు విద్యార్థిదీ, అమెరికాలో మాక్ కొనుక్కున్న తెలుగు ఉద్యోగిదీ అదే అవస్థ.

దీనికి విరుగుడు పత్రికల నుంచి రాలేదు, పాఠకుల నుంచి వచ్చింది. తెలుగు వికీపీడియాకు 2003లో పునాది వేసిన వెన్న నాగార్జునే పద్మ అనే పొడిగింతను ఫైర్‌ఫాక్స్ కోసం తయారుచేశారు. ఈనాడు, వార్త వంటి పత్రికల ఫాంట్ల అమరికను అది గుర్తుపట్టి, పేజీలోని లాటిన్ గజిబిజిని అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. అప్పటికి పత్రిక లెక్కల్లో ఫైర్‌ఫాక్స్ పాఠకులు చాలా తక్కువగా కనిపించి ఉండాలి. చదవలేని పేజీకి రోజూ ఎవరు వస్తారు? వాళ్లు నిజంగానే తక్కువైతే, కేవలం వాళ్ల కోసం ఒకరు కూర్చుని అక్షరం అక్షరం పట్టికలు తయారుచేయాల్సిన అవసరమే వచ్చేది కాదు. నష్టం ఆ కొద్దిమందితోనూ ఆగలేదు. సెర్చ్ ఇంజన్‌కు కూడా ఆ పేజీల్లో కనిపించింది లాటిన్ గజిబిజే. ఎన్నో ఏళ్ల తెలుగు వార్తలు తెలుగులో వెతికితే దొరకని సరుకుగా మిగిలాయి. ఒక్క బ్రౌజర్‌ను నమ్ముకుని చేసిన నిర్ణయం ఆ బ్రౌజర్ వాడినవాళ్లకు కూడా చివరికి చేటే చేసింది.

పత్రికలకు అప్పట్లో వేరే దారి లేదు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. 1999లో యూనికోడ్‌లో వార్తలు పెట్టి ఉంటే చదివేవాడే ఉండేవాడు కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినా, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి సంక్లిష్ట లిపుల మద్దతును పనిగట్టుకుని చేర్చుకోవాల్సి వచ్చేది. దానికి చాలాసార్లు విండోస్ సీడీ కూడా అడిగేది. ఊళ్లో నెట్ సెంటర్‌కు వెళ్లి పేపరు చదువుకునేవాడు ఆ పని చేయలేడు. కాబట్టి మొదటి నిర్ణయం తప్పు కాదు. దానికి గడువు పెట్టుకోకపోవడమే తప్పు. ఏ పరిస్థితి వల్ల సొంత ఫాంటు తప్పలేదో ఆ పరిస్థితి ఎప్పుడు మారుతుందో కనిపెట్టి ఉండాలి, మారిన రోజున నిర్ణయాన్ని తిరగదోడాలి. బ్రౌజర్ జాబితా పక్కన తేదీ వేయకపోతే, వెసులుబాటు కోసం చేసుకున్న ఏర్పాటు మెల్లగా శాసనమై కూర్చుంటుంది.

శాసనంగా మారితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూపించింది. 1990ల చివర అమెరికా గట్టి ఎన్‌క్రిప్షన్ ఎగుమతిని నియంత్రించేది. కొరియా తన బ్యాంకుల కోసం సీడ్ అనే 128 బిట్ల సంకేత పద్ధతిని తానే రూపొందించుకుంది. బ్రౌజర్లకు అది తెలియదు కాబట్టి యాక్టివ్‌ఎక్స్ అనే తోడు ప్రోగ్రామ్ ద్వారా నడిపారు. యాక్టివ్‌ఎక్స్ నడిచేది ఎక్స్‌ప్లోరర్‌లోనే. 1999లో వచ్చిన డిజిటల్ సంతకాల చట్టం, దాని వెంట వచ్చిన నిబంధనలు ఈ ఏర్పాటును ఆన్‌లైన్ బ్యాంకింగుకు, కొనుగోళ్లకు తప్పనిసరి చేశాయి. 2000 జనవరిలోనే అమెరికా ఎగుమతి నిబంధనలను సడలించింది. అసలు కారణం ఏడాది తిరక్కుండానే పోయినా ఏర్పాటు మాత్రం రెండు దశాబ్దాలు నిలిచింది. కొరియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు కిమ్ కీ-చాంగ్ కోర్టుకెక్కి 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయారు. 2014లో ఒక టీవీ సీరియల్‌లో కథానాయిక వేసుకున్న కోటును చైనా అభిమానులు కొరియా సైట్లలో కొనలేకపోతున్నారని స్వయంగా దేశాధ్యక్షురాలే ప్రస్తావించాక గాని ప్రభుత్వం గట్టిగా కదల్లేదు. డిజిటల్ సంతకాల పాత ధ్రువపత్రాలకున్న ప్రత్యేక హోదా 2020 డిసెంబరులో రద్దయింది. ఆ ఇరవై ఏళ్లలో చాలాకాలం కొరియాలో బ్రౌజర్ల లెక్క తీస్తే ఎక్స్‌ప్లోరర్ తిరుగులేని మొదటి స్థానంలోనే ఉండేది. బ్యాంకుకు వెళ్లాలంటే అదే కావాలి కాబట్టి జనం దాన్నే ఉంచుకున్నారు, జనం దాన్నే ఉంచుకున్నారు కాబట్టి బ్యాంకులు దానికే పనిచేశాయి.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది బలమైనదే. ప్రతి పాత బ్రౌజర్‌నూ మోస్తూ పోతే వెబ్ ముందుకెలా వెళ్తుంది? ఎక్స్‌ప్లోరర్ 6 కథ ఈ వాదనకు ఆధారం. 2001 ఆగస్టులో వచ్చిన ఆ వెర్షన్ తర్వాత ఏడోది రావడానికి అయిదేళ్లు పట్టింది. భద్రతా లోపాలు బయటపడుతున్నా కార్యాలయాలు దాన్ని వదల్లేదు. 2010 జనవరిలో గూగుల్ మీద జరిగిన దాడిలో ఎక్స్‌ప్లోరర్ లోపం బయటపడ్డాక జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు వేరే బ్రౌజర్ వాడమని పౌరులకు సలహా ఇచ్చాయి. బ్రిటన్‌లో మాత్రం 6 వేలకు పైగా పౌరులు సంతకాలు చేసి అడిగినా, ప్రభుత్వ కార్యాలయాల్లో మార్చడం చాలా పెద్ద పనని, ఖర్చుతో కూడుకున్నదని అదే ఏడాది జులైలో జవాబొచ్చింది. యూట్యూబ్ 2009లో హెచ్చరిక పట్టీ వేలాడదీసి, 2010 మార్చిలో ఆరో వెర్షన్‌కు సపోర్టు ఆపేసింది. ఆ తర్వాత దాని వాడకం వేగంగా పడిపోయింది. 2011లో మైక్రోసాఫ్టే దాన్ని వదిలించుకోమని ప్రచారం మొదలుపెట్టింది. పాతదాన్ని వదిలేయడం మేలు చేసిన సందర్భమిది, అందులో సందేహం లేదు. అయితే బ్రిటన్ కార్యాలయాలు ఆరో వెర్షన్‌ను ఎందుకు వదల్లేకపోయాయి? లోపలి పనుల కోసం కట్టుకున్న సాఫ్ట్‌వేర్లను ఒకే బ్రౌజర్‌కు అంటగట్టడం వల్ల. ఒకే బ్రౌజర్‌కు కట్టిన సైటు బయటివాళ్లను బయటే ఆపుతుంది, లోపలివాళ్లను అందులోనే బంధిస్తుంది. రెండూ ఒకే తప్పుకు రెండు ఫలితాలు.

శాతాలు ఎంత బలహీనమైన సాక్షులో చెప్పడానికి 2020 నవంబరు నాటి ఒక ఉదాహరణ అన్నింటికన్నా స్పష్టంగా ఉంది. సైట్లకు ఉచితంగా భద్రతా ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ, తన కొత్త ధ్రువపత్రాలను 7.1.1 కన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్లు గుర్తించవని ప్రకటించింది. ఆండ్రాయిడ్ పరికరాల్లో అలాంటివి ఎన్ని? 33.8 శాతం. పెద్ద సైట్లకు వాటి నుంచి వచ్చే రాకపోకలు ఎంత? 1 నుంచి 5 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో మూడోవంతు అలాంటివే జనం చేతుల్లో ఉన్నాయి, సైటు లెక్కలో మాత్రం నూటికి అయిదుకు మించి కనిపించడం లేదు. పాత ఫోనున్నవాడికి డేటా తక్కువ, వేగం తక్కువ, తెరుచుకునే సైట్లూ తక్కువ. తక్కువగా వస్తాడు, తక్కువ లెక్కలోకి వస్తాడు, ఆ తక్కువనే కారణంగా చూపి అతన్ని పూర్తిగా తీసేస్తారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ పని చేయలేదు. పాత ఫోన్లు గుర్తించే మరో ధ్రువపత్రాల సంస్థ ఐడెన్‌ట్రస్ట్‌తో మాట్లాడి మరో మూడేళ్లు పాత ఫోన్లు నడిచేలా ఏర్పాటు చేసుకుని, 2024లో ముగించింది. అంటే గడువు పెట్టింది, గడువు దాకా దారి ఉంచింది.

అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనిపించాలనే పంతం పట్టడం వల్లే ఖర్చు కొండలా కనిపిస్తుందని ముందుగా గట్టిగా చెప్పినవాళ్లలో యాహూ ఉంది. 2006లో ఆ సంస్థ బ్రౌజర్లను మూడు తరగతులుగా విభజించింది. మొదటి తరగతిలో పూర్తిగా పరీక్షించి అన్ని హంగులతో పంపేవి. రెండో తరగతిలో బాగా పాతవి, వాటికి హంగులు తీసేసి విషయం మాత్రమే. మూడో తరగతిలో పెద్దగా తెలియనివి, వాటిని అనుమానించకుండా సమర్థమైనవేనని నమ్మి పూర్తి పేజీ ఇవ్వడం. ఫెమా వంటి సైట్లు తెలియని పేరు వినబడితే తలుపు వేస్తే, యాహూ తలుపు తీసింది. 2012లో బీబీసీ వార్తా విభాగం పేరు అడగడమే మానేసి, జావాస్క్రిప్టుకు సంబంధించిన మూడు సామర్థ్యాలు ఉన్నాయా లేదా అని మాత్రమే చూసింది. ఉంటే పూర్తి అనుభవం, లేకపోతే వార్త, శీర్షిక, లింకులు. ఎవరూ వట్టి చేతులతో వెళ్లరు. బ్రిటన్ ప్రభుత్వ సైటు గవ్.యూకే 2013లో జరిపిన లెక్కలో ఇంకో సంగతి బయటపడింది. 1.1 శాతం మందికి జావాస్క్రిప్ట్ అందడం లేదు. అందులో దాన్ని కావాలని ఆపుకున్నవాళ్లు 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మంది బ్రౌజర్లు దాన్ని నడపగలిగినవే, దారిలో ఎక్కడో ఏదో తెగి అది వాళ్లకు చేరలేదు. అంటే హంగులు లేని పేజీ పాత బ్రౌజర్ల వాళ్లకే కాదు, ఒక రైలు ప్రయాణంలో సిగ్నల్ సరిగా లేని కొత్త ఫోను యజమానికి కూడా అక్కరకొస్తుంది. ఆ ప్రభుత్వంలో పనిచేసిన టెరెన్స్ ఈడెన్ లండన్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో చూసిన దృశ్యాన్ని 2021లో రాశారు. ఒక యువతి ప్లేస్టేషన్ పోర్టబుల్ అనే ఆటల పరికరంలో ఇంటి అద్దె సాయం గురించి గవ్.యూకేలో చదువుకుంటోంది. ఏ సంస్థ జాబితాలోనూ ఆ పరికరం ఉండదు. సాదా హెచ్‌టీఎమ్ఎల్‌తో కట్టడం వల్ల పేజీ తెరుచుకుంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఇంకా పదునైనది. 2017లో 1,500 రూపాయల తిరిగిచ్చే డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ 2.4 అంగుళాల తెరతో ఊళ్లలోకి ఇంటర్నెట్‌ను తీసుకెళ్లింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ కైఓఎస్ లోపల ఉన్నది 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజన్. 2017 మార్చిలో బ్రౌజర్లలోకి వచ్చిన సీఎస్ఎస్ గ్రిడ్ వంటివి దానికి తెలియవు. గ్రిడ్ మీదే పేజీ అమరిక అంతా నిలబెట్టిన సైటు ఆ ఫోన్‌లో చెదిరిపోతుంది. గ్రిడ్ లేకపోయినా వరసగా చదువుకునేలా రాసిన సైటు చెదరదు. బ్రౌజర్ల వాటా మన దగ్గర ఎంత నిలకడ లేనిదో 2020 జూన్ 29 చెబుతుంది. కోట్లాది మంది వాడుతున్న యూసీ బ్రౌజర్‌ను ఆ రోజు కేంద్ర ప్రభుత్వం మరో 58 చైనా యాప్‌లతో కలిపి నిషేధించింది. నిన్నటి లెక్క మీద ఆధారపడిన జాబితా తెల్లారేసరికి చెల్లని చీటీ అయింది. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో వచ్చిన మార్గదర్శకాలు వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించమని అప్పుడే చెప్పాయి. పేజీ అడుగున ఫలానా బ్రౌజర్‌లో, ఫలానా తెర కొలతలో చూడమనే వాక్యం మాత్రం ఆ తర్వాత కూడా ఎన్నో కార్యాలయ సైట్లలో ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉంది.

ఇప్పుడంతా క్రోమే కదా, ఇక ఈ చర్చ ఎందుకని అడగవచ్చు. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ కూడా తన ఎడ్జ్‌ను క్రోమియం పునాది మీదికి మార్చుకుంది నిజమే. 2003 ప్రాంతంలో ఎక్స్‌ప్లోరర్ వాటా 90 శాతం దాటినప్పుడు కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు. భద్రత మాటేమిటని కూడా అడగవచ్చు. పాత, బలహీనమైన సంకేత పద్ధతులను 2020లో ప్రధాన బ్రౌజర్లన్నీ కలిసి తీసేయడం సరైనదే. బ్యాంకు సొమ్ము విషయంలో రాజీ కుదరదు. అలా మూయక తప్పని చోట, మూసే తేదీ ముందే చెప్పి, ఫోనో కార్యాలయమో పనిచేసే మరో దారి చూపాలి. ఆటలమ్మే కంపెనీకి, ఫొటోలు దిద్దే యాప్‌కు తమ కొనుగోలుదారులను ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. వాళ్ల సైటు తెరుచుకోకపోతే జనం ఇంకో దుకాణానికి వెళ్తారు. రేషన్ కార్డు, పింఛను, హాల్‌టికెట్, కరెంటు బిల్లు, భూమి పాసుపుస్తకం విషయంలో ఇంకో దుకాణం లేదు. అమెరికా ప్రభుత్వ వెబ్ డిజైన్ బృందం ప్రభుత్వ సైట్లన్నింటి లెక్కలో 2 శాతం దాటిన ప్రతి బ్రౌజర్‌నూ సపోర్టు చేయాలని నియమం పెట్టుకుంది. పరీక్షలకు ఎంత శ్రమ పెట్టాలో తేల్చడానికి ఆ గీత పనికొస్తుంది. ఎవరిని బయట ఉంచాలో తేల్చడానికి పనికిరాదు. కోటిమంది వాడే సైటులో 2 శాతమంటే రెండు లక్షల మంది.

కాబట్టి సంస్థలో ఈ నిర్ణయం చేసేవాళ్లకు చెప్పాల్సింది ఇంతే. జాబితా రాసే ముందు శాతాల పట్టిక తెరవకండి. మీ సైటులో జనానికి తప్పనిసరైన పనులేమిటో ముందు రాసుకోండి. సమాచారం చదవడం, ఫారం నింపడం, రసీదు తీసుకోవడం వంటివి ఏ బ్రౌజర్‌లోనైనా జరిగేలా సాదా పేజీగా కట్టండి. ఆ పైన హంగులు ఎవరెవరికి ఇవ్వాలో అప్పుడు శాతాలను అడగండి. జాబితా పక్కన తేదీ వేసి, ఏటా ఒకసారి తిరగదోడండి. తెలియని బ్రౌజర్ వస్తే పేరు చూసి వెనక్కి పంపకండి. ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసింది. దాన్ని మాత్రమే నమ్ముకుని కట్టిన సైట్లు ఎన్నింటినో వాటి సంస్థలు మళ్లీ డబ్బు పోసి కట్టుకోవాల్సి వచ్చింది. సాదా పేజీలుగా 1990లలో రాసినవి మాత్రం ఈ రోజు కొన్న ఫోన్‌లోనూ తెరుచుకుంటున్నాయి.